మట్టికి పోవాలె

ఎంఎంటీఎస్ రైలు లింగంపల్లిలో బయలుదేరుతుంది కాబట్టి అక్కడ ఎక్కేవాళ్లకు సీటు దొరుకుతుంది. కొన్నాళ్లకు ఎవరి సీటు వాళ్లదైపోతుంది. నా సీటుకు ఎదురుగా కూర్చునే ఆయన బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఫతేనగర్‌లో దిగిపోయేవాడు. నేను ఇంకా ముందుకు, పత్రికాఫీసుకు. ఉద్యోగం అయిపోయాక కూడా అనువాదాలు చూసిపెట్టే పని మీద వారంలో కొన్ని రోజులు అదే బండి ఎక్కుతున్నాను. ఆయనా అదే సీట్లో ఉంటున్నాడు.

"పేపరు సారూ, ఏమన్న కొత్త సంగతి ఉన్నదా?" అని రోజూ అడిగేవాడు.

"పేపర్లో ఉన్నదే."

"అంటే పాతదే."

మా స్నేహమంతా ఈ మూడు మాటల మీద నడిచింది చాలాకాలం.

ఆయనకు ఒక తమ్ముడు. హైటెక్ సిటీలో క్యాబ్ నడిపేవాడు. ఒకసారి వానలో స్టేషన్ మెట్ల దగ్గర ఇరుక్కుపోతే అన్న ఫోన్ చేసి తమ్ముణ్ణి పిలిపించి నన్ను ఇంట్లో దింపించాడు. దారి పొడుగునా అద్దాల మేడలు వానలో మసకగా వెలుగుతున్నాయి. "ఈ ఏరియాల అన్ని బిల్డింగుల గేట్లు నాకు తెల్సు సార్," అన్నాడు తమ్ముడు. "ఒక్కదాని లోపల గూడ తెల్వది. మా ఆమెకు తెల్సు. క్యాంటీన్ల చేస్తది. లోపటికి పోతే ఎండకాలం గూడ స్వెటర్ ఏసుకుంటదట." తను ఎప్పటికైనా స్వెటర్ వేసుకునే ఉద్యోగం చేస్తానని నవ్వాడు.

తమ్ముడి క్యాబ్‌కు బేరాలు తగ్గాయని అన్న ఒకటి రెండుసార్లు చెప్పాడు. తర్వాత ఒక ఉదయం, కూర్చోకముందే, "మా తమ్ముడు ఫారిన్ పోయిండు సార్," అన్నాడు.

ఏ దేశమో చెప్పాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆ రోజుల్లో ఆ దేశం పేరు రాని విదేశీ వార్తల పేజీ లేదు.

"అక్కడ యుద్ధం నడుస్తోంది కదా," అన్నాను.

"యుద్ధంల కాదు సార్, ఎనుక. కూరగాయలు కోసుడు, సామాన్లు మోసుడు. హెల్పర్. ఏజెంటు వీడియో గూడ పంపిండు. మస్తు చలి గద, స్వెటర్ ఆళ్లే ఇస్తరట."

తమ్ముడి వాయిస్ మెసేజ్‌లు అన్న రైల్లోనే వినేవాడు. చెవి కొంచెం మందం కాబట్టి స్పీకర్ పెట్టేవాడు. మొదటి వాటిలో నవ్వులు ఉండేవి, తిండి గురించి తిట్లు ఉండేవి. తర్వాత నవ్వులు పోయాయి. ఒకటి నాకు బాగా గుర్తు.

"అన్నా, ఈడ మట్టి నల్లగున్నదే. మన రేగడి లెక్క. పొద్దుందాక తవ్వుడే పని. గడ్డ కట్టి పార దిగుతలేదు. పాపను ఇస్కూలుకు పంపుతుండ్రా?"

"ఎందుకు తవ్వుతుండ్రురా అంటే చెప్తలేడు," అన్నాడు అన్న ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "పైపులకు గావొచ్చు."

పక్క సీట్లో మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రవాడు చెవిలో పెట్టుకున్నది తీసి మా వంక ఒకసారి చూశాడు. ఏదో అనబోయి, మళ్లీ చెవిలో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. అన్న ఆ చూపు చూశాడు.

తర్వాత మెసేజ్‌లు ఆగిపోయాయి. చాలా రోజులకు ఏజెంటు నంబరు నుంచి కాక, ఎవరిదో తెలియని నంబరు నుంచి తమ్ముడి భార్యకు ఒక ఫోటో వచ్చింది. బురదలో పడి ఉన్న చిన్న ఇనుప బిళ్ల, సైనికుల మెడలో గుర్తుకు వేసేలాంటిది. దాని మీద అంకెలు. మనిషి లేడు, బిళ్ల మాత్రమే. ఆమె ఆ ఫోటోను క్యాంటీన్‌లో ప్లేట్లు తుడుస్తూ చూసిందట. "ఇదేందో బావ, ఎవలిదో, నాకెందుకు పంపిండ్రో," అని బావకు పంపింది.

ఆ దేశంలో ఉన్న మన ప్రభుత్వ కార్యాలయం తర్వాత చావు విషయం ఖాయం చేసింది. తమ్ముడు చనిపోయిన చోటు అప్పటికి అవతలి దేశం చేతికి పోయింది. యుద్ధం ఆగకపోయినా ఆ రెండు ప్రభుత్వాల మధ్య ఒక ఏర్పాటు మాత్రం ఆగలేదు: మీ శవాలు మీకు, మా శవాలు మాకు. లారీల్లో తెచ్చి మార్చుకుంటారు. అలా మార్చుకుని, తను పనికి పోయిన దేశానికి తిరిగి చేరినవాటిలో తమ్ముడు ఉన్నాడు. అతను ఆ ఇద్దరిలో ఎవరివాడూ కాదు కాబట్టి మూడో ప్రభుత్వం, అంటే మనది, ఆ ఏర్పాటులోకి రావలసి వచ్చింది.

ఇలాంటి వార్తలు నేను డెస్కులో ఎన్నో దిద్దాను. యుద్ధంలో చచ్చిన పరాయివాణ్ణి గౌరవంగా పాతిపెట్టాలి, గుర్తు పెట్టాలి, ఆ గుర్తు ఎక్కడుందో అతని దేశానికి తెలియజేయాలి. దేశాలన్నీ ఒప్పుకున్న పద్ధతి అది. కాల్చడం మాత్రం మామూలుగా చేయకూడదు. కాల్చేస్తే మళ్లీ చూడడానికి ఏమీ మిగలదు కదా. చనిపోయినవాడి మతం కాల్చమంటే కాల్చవచ్చు. ఆ ఒక్క మాట ఇంటివాళ్లు చెప్పాలి. లేదా, మాకు పంపించండి అనాలి.

అన్నకు కావలసింది పంపించడమే. వాళ్లలో మనిషిని కాలుస్తారు. నిప్పు పట్టేది అన్న, తండ్రికి పట్టింది కూడా ఆయనే. తమ్ముడి భార్య ఇంకో మాట అంది: "మొఖం చూస్తా బావ. మొఖం జూడకుండ నేను ఒప్పుకోను." బొట్టు తీయనివ్వలేదు, మెట్టెలు తీయనివ్వలేదు. మేనత్తలు వచ్చి చెవుల్లో గొణిగినా వినలేదు. శవం వస్తేనే ఆమె నమ్ముతుంది. శవం వస్తేనే అన్న పని పూర్తవుతుంది. ఇంట్లో ఇంకో మాట లేదు.

డెస్కు సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మా జిల్లాల విలేకరులు రాసి పంపే చావు వార్తల్లో "పొద్దున మట్టి చేసిండ్రు" అని ఉండేది. తెలంగాణలో ఆ మాటకు పూడ్చడమని అర్థం కాదు. కాల్చినా మట్టే, పూడ్చినా మట్టే. చావుకు వెళ్లడం అంటే మట్టికి పోవడం. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన సబ్ ఎడిటర్ ఒకాయన దాన్ని "ఖననం చేశారు" అని దిద్ది, మర్నాడు చితి ఫోటో కింద ఆ వాక్యం అచ్చయి, ఎడిటర్ చేత తిట్లు తిన్నాడు. "ఏమండీ, మట్టి అంటే మట్టే కదండీ," అని ఆయన వాపోయాడు. అప్పటి నుంచి మా డెస్కులో మట్టి కనిపిస్తే కొట్టేసి "అంత్యక్రియలు" అని రాయడం రివాజు. అందులో కాల్చడం పూడ్చడం రెండూ ఇముడుతాయి, ఏ కులమని అడగనక్కరలేదు.

ఒక సోమవారం అన్న రైలెక్కుతూనే ముఖం తేటగా కనిపించాడు. చాలా రోజుల తర్వాత ఆయన గడ్డం గీసుకున్నాడు.

"ఫోన్ వచ్చింది సార్. ఆ దేశంలున్న మన ఆఫీసోళ్లు చేసిండ్రు. పెద్ద సాబే మాట్లాడిండు, హిందీల. మంచోడు. ముందుగాల్ల అఫ్సోస్ చెప్పిండు. ఇంటోళ్ల మర్జీ ఏంది, ఎట్ల జేద్దామని అడిగిండు."

"మీరేమన్నారు?"

"మనకు హిందీ కొత్తనా సార్? వర్క్‌షాప్ల అంత హిందీయే గద. సాఫ్ జెప్పిన. హమారే భాయ్ కీ మిట్టీ కర్నా సాబ్, ఇజ్జత్ సే కర్నా అన్న."

నేను పేపరు మడిచాను.

"ఆయన గూడ మళ్ల అడిగిండు. మిట్టీ హీ కర్నా హై నా, పక్కా? అని. హౌ సాబ్, మిట్టీచ్ కర్నా అన్న. రెండుసార్లు జెప్పిన. ఇంతజామ్ అయితది, ఫికర్ చెయ్యకుండ్రి అన్నడు." ఆయన వెనక్కి ఆనుకున్నాడు. "ఇగ వస్తడు సార్ తమ్ముడు."

బండి హఫీజ్‌పేట దాటుతోంది. ఉత్తరాది హిందీలో శవానికి మిట్టీ అంటే గోరీలో పెట్టి మన్ను వేయడం. ఫోన్‌లో ఆ అధికారి అడిగింది కాల్చమంటారా, పూడ్చమంటారా, పంపమంటారా అని. ఈయనకు వినిపించింది మర్జీ ఏంది అని. ఈయన తెలుగులో అనుకున్నదాన్ని మన హైదరాబాదు హిందీలో చెప్పాడు. మా తమ్ముడికి అంత్యక్రియలన్నీ మర్యాదగా జరిపించుకోవాలి, కాబట్టి పంపండి అని. ఆ అధికారి విన్నది ఇంకొకటి, పూడ్చిపెట్టండి అని. విన్నది నిజమేనా అని మర్యాదగా రెండోసారి కూడా అడిగాడు.

"ఆ నంబరు ఉందా?" అన్నాను.

"ఉన్నది. ఎందుకు సార్?"

చెప్పాను. ఆయన వెంటనే నమ్మలేదు. "అట్లెట్లయితది సార్, మట్టి అంటే..." అని ఆగిపోయాడు. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చింది. తలుపుల దగ్గర ఐడీ కార్డుల గుంపు తోసుకుంటూ దిగుతోంది. ఆయన ఆ గుంపుతో పాటు లేచి, దిగవలసిన చోటు కాకపోయినా దిగేశాడు. నేనూ దిగాను.

ప్లాట్‌ఫారం మీదే ఫోన్ చేశాం. ఎవరో అమ్మాయి తీసి, సారు మీటింగులో ఉన్నారంది. మళ్లీ చేశాం. లైను పోయింది. మెట్లు దిగి క్యాబులు ఆగే చోట చెట్టు కింద నిలబడ్డాం. అన్న అటూ ఇటూ నడుస్తూ తనలో తాను అనుకుంటున్నాడు, "మిట్టీచ్ అన్నగదనే, మిట్టీచ్ అన్న." ఒక క్యాబ్ డ్రైవరు ఆయన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. "ఏందన్నా, తమ్ముడు వచ్చిండా?" అన్నాడు. అన్న మళ్లీ ఆ నంబరు నొక్కాడు.

మధ్యాహ్నం ఆ అధికారే తిరిగి ఫోన్ చేశాడు. ఈసారి నేను మాట్లాడాను. చాలా మర్యాదస్థుడు. నేను చెప్పింది మొత్తం ఓపిగ్గా విన్నాడు. కుటుంబం ఒప్పుకోలు అదే రోజు అక్కడి సైనిక కార్యాలయానికి పంపేశామన్నాడు. ఆపడానికి చూస్తానన్నాడు. అక్కడ శవాలు చాలా ఉన్నాయనీ, ఒప్పుకోలు వచ్చినవాటిని వాళ్లు ఉంచరనీ అన్నాడు. ఆయన గొంతులో తొందర వినిపించింది. దానికి నాకు భయం వేసింది. తొందరపడని ఉద్యోగులతో పనిచేసినవాణ్ణి నేను.

మూడో రోజుకు ఫోటో వచ్చింది.

ఎటు చూసినా ఒకేలాంటి దిబ్బలు, వాటి మీద కర్ర పలకలు. ముందున్న దిబ్బ మీది పలక మీద ఒక అంకె, దాని కింద వాళ్ల లిపిలో రెండు పదాలు. పక్కన ఎవరో పెట్టిన ప్లాస్టిక్ పూలు. గౌరవంగానే చేశారు. ఇజ్జత్ సే.

వాళ్లింటికి వెళ్తే తమ్ముడి భార్య ఫోన్‌లో ఫోటోను పెద్దది చేసి నాకు చూపించింది. "ఇది ఆయన పేరేనా సార్?"

"నాకు ఆ లిపి రాదమ్మా."

"నాకూ రాదు. మరి ఎవలు చదివిండ్రు?"

ఆమె నన్ను దెప్పడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మన కార్యాలయం వాళ్లు పేరు సరిపోల్చారని చెప్పాను. ఆమె ఫోటోను ఇంకా పెద్దది చేసింది. మట్టి తెర నిండా వచ్చింది. నల్లగా ఉంది.

తవ్వి తీయించాలంటే ఏం చేయాలని నేను కనుక్కున్నాను. ఆ నేల ఉన్న ప్రభుత్వం ఒప్పుకోవాలి, మన ప్రభుత్వం రాతపూర్వకంగా అడగాలి. యుద్ధం నడిచినంతకాలం, హద్దుకు దగ్గరున్న ఆ ప్రాంతంలోకి పౌరులెవరినీ పోనివ్వరు. ముగిశాక చూద్దామన్నారు. ఆ హద్దు మళ్లీ మారితే ఒప్పుకోవలసిన ప్రభుత్వం కూడా మారుతుంది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో కంటోన్మెంట్ వైపు తెల్ల సైనికుల సమాధులు చూడడానికి పై దేశం నుంచి కొందరు వస్తే వార్త రాయడానికి పంపారు. నేల మనది, రాళ్లు వాళ్లవి, గడ్డి కోయించే బాధ్యత వాళ్లది. ప్రభుత్వాలు అలా ఒప్పందం చేసుకున్నాయని చెప్పారు. కత్తిరించిన గడ్డి, వరసగా రాళ్లు, ప్రతి రాయి మీదా పేరు, ఊరు. ఎంత శుభ్రంగా ఉందని రాశాను. ఈ రాళ్ల మీది పేర్లు ఇళ్లకు ఎలా చేరాయి, ఎవరు చదివి చెప్పారు అని అప్పుడు నాకు తోచలేదు. ఒక వృద్ధురాలు ఒక రాయి ముందు కూర్చుని, గడ్డి కింది మన్ను వేలితో గీరి రుమాలులో కట్టుకుంది. అది వార్తలో రాశానో లేదో గుర్తు లేదు.

పిట్టకు పెట్టడం, అంటే చనిపోయినవాడి పేరిట కాకికి ముద్ద పెట్టడం, వాళ్ల కిరాయి ఇంటి డాబా మీద చేశారు. అన్న ఆకులో అన్నం, తమ్ముడికి ఇష్టమైన మటన్ ముక్క పెట్టి పక్కకు జరిగాడు. చుట్టూ అపార్టుమెంట్లు, వాటి ఏసీ పెట్టెల మీద పావురాలు. కాకి కోసం చాలాసేపు చూశాం. పావురాలు దిగి అన్నం చెల్లాచెదురు చేశాయి, మటన్ ముక్కను ముట్టలేదు. ఒక మేనత్త, "ఏదైతేంది, అదీ పిట్టే గద," అంది.

"మనిషే రాలె. పిట్టెట్ల ముడ్తది?" అంది తమ్ముడి భార్య. బొట్టు అలాగే ఉంది. ఆకు తీసి ముక్కను గోడ మీద విడిగా పెట్టి కిందికి వెళ్లిపోయింది. మేం దిగేటప్పుడు కూడా అది అక్కడే ఉంది.

అన్న మళ్లీ పనిలోకి వెళ్తున్నాడు. రైల్లో కొత్త సంగతి ఉన్నదా అని అడగడం మానేశాడు. ఒకరోజు తనే చెప్పాడు.

"సార్, జర మా మరదలితోని మాట్లాడుతరా? నా మాట ఇంటలేదు. ఆ లంగ దొంగ ఏజెంటు మళ్ల మెసేజ్ పెడ్తుండు."

"ఆమెకా?"

"ఆమెకే. వంటోళ్లు గావాలెనట. ఆడోళ్లయితె మంచిదట. క్యాంటీన్ల పని తెల్సు గద అంటుండు. ఆమెకు పని తెల్సని వానికెట్ల తెల్సు సార్?" కిటికీలోంచి బయటికి చూశాడు. "తమ్ముడే జెప్పిండు గావొచ్చు. ఎన్నడన్న. మాటల్ల."

ఆయన ఆమె పాస్‌పోర్టు కాగితాలు తెచ్చి వర్క్‌షాపులో తన పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడట. "మళ్ల తీసుకుంటది సార్. పాస్‌పోర్టుకు ఫోటో గూడ దిగొచ్చింది, ఎనుక తెల్లగ."

ఆ మధ్యాహ్నం ఆమె పనిచేసే మేడ దగ్గరికి వెళ్లాను. గేటు పక్క కాలిబాట మీద టిఫిన్ బండ్లు, వాటి చుట్టూ నిలబడి తినే ఉద్యోగులు. ఆమె క్యాంటీన్ యూనిఫాం మీద స్వెటర్‌తోనే బయటికి వచ్చింది. ఎండ మండిపోతోంది. అది మగవాళ్ల స్వెటర్, చేతులు మడిచి ఉంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. ఆమె పెదవులు ఏదో మెల్లగా పలుకుతున్నాయి.

"బావ పంపిండా సార్?"

"అవునమ్మా. మీ ఆయనకు కూడా కూరగాయలు కోసే పనే అన్నాడు కదా ఆ ఏజెంటు."

"అన్నడు."

"మరి?"

"తెల్సు సార్. వాడు అబద్ధం ఆడ్తుండని తెల్సు. నాకు జీతం వద్దు, కూరగాయలు వద్దు. ఆ దేశం లోపటికి ఎవలు తీస్కపోతరు సార్ నన్ను? సర్కారోళ్లు పోనియ్యరు, మీరే అన్నరు. వాడొక్కడే తీస్కపోతా అంటుండు, ఇయ్యాల ఫోన్ జేస్త అన్నడు." స్వెటర్ చెయ్యి కిందికి లాక్కుంది. "నేను మట్టికి పోవాలె గద సార్. పెండ్లాన్ని. నేను పోకుంటె ఎవలు పోతరు?"

"పాప?"

"బావ దగ్గర ఉంటది. బావకు జెప్పలె ఇంక."

నేను చెప్పగలిగినవన్నీ చెప్పాను. అలా వెళ్లినవాళ్ల గురించి చెప్పాను, ఆ వీడియోలు ఎక్కడివో చెప్పాను. ఆమె అన్నింటికీ తల ఊపింది, బండి దగ్గర తాగిన టీలకు నన్ను డబ్బులు ఇవ్వనివ్వకుండా తనే ఇచ్చింది. మధ్యలో ఇయర్‌ఫోన్ ఊడి చేతిలో పడితే అందులోంచి ఒక ఆడ గొంతు, ఏదో భాషలో ఒకే మాటను నిదానంగా, మళ్లీ మళ్లీ పలకడం వినిపించింది.

"ఏంటమ్మా అది?"

ఆమె ఆ మాట నాకు పలికి చూపించింది. నాలుక తిరగలేదు, మళ్లీ పలికింది. ఈసారి బాగానే వచ్చినట్టుంది.

"అంటే?"

"మట్టి సార్. ఫోన్ల ఉన్నది, నేర్చుకుంటున్న. పూడ్చుడు వేరే ఉన్నది, కాల్చుడు వేరే ఉన్నది. ఇంటికి తీస్కపోవుడు వేరే. అన్ని నేర్చుకుంటున్న. ఈపారి తప్పు జెప్పద్దు గద."

లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఆమె కార్డు గీకితే గేటు తెరుచుకుంది. అద్దాల తలుపు దాకా వెళ్లేసరికి ఆమె ఫోన్ మోగింది. నంబరు చూసుకుంది, ఒకసారి వెనక్కి తిరిగి నేనున్నానేమోనని చూసింది. తర్వాత, "హా భయ్యా, చెప్పుండ్రి," అంటూ లోపలికి వెళ్లింది.